భూతదయ నుండి భూతఋణం దాకా

(దేవస్థానం గోశాల ఆవరణలో గోపాష్టమి సందర్భంగా జరిగిన ధార్మికోపన్యాస పరంపరలో విశ్రాంత తత్త్వశాస్త్ర అధ్యాపకులు ఒకరు చేసిన ప్రసంగ పాఠం. భక్తుల కోరికపై ఇక్కడ ప్రచురిస్తున్నాము.)

గోపాష్టమి పర్వదినాన గోశాల ముంగిట నిలిచి మాట్లాడే అవకాశం కల్పించిన దేవస్థానం వారికి కృతజ్ఞతలు. ఉదయం నుండి మీరందరూ గోపూజ చేసి, ప్రదక్షిణలు చేసి, గ్రాసం సమర్పించి ఇక్కడ కూర్చున్నారు. గోమహిమను పురాణాల నుండి ఉదహరించి చెప్పగల పెద్దలు ఈ వేదిక మీదనే ఉన్నారు. నేను చేసినది తత్త్వశాస్త్ర అధ్యాపకత్వం. ఆ వృత్తిలో చివరి పదిహేనేళ్ళు నేను బోధించిన పాఠాలలో ఒకదాని పేరు జంతునీతిశాస్త్రం. ఈ రోజు దానిని గురించి నాలుగు మాటలు మనవి చేస్తాను.

మనిషి పట్ల మనిషికి ఉండవలసిన ధర్మాన్ని విచారించేది నీతిశాస్త్రం. పశుపక్ష్యాదుల పట్ల మనిషికి ఉండవలసిన ధర్మం ఏమిటి, దానికి ఆధారం ఏమిటి, అది దయతలచి చేసేదా, తప్పక చెల్లించవలసినదా అని విచారించేది జంతునీతిశాస్త్రం. పాశ్చాత్య విశ్వవిద్యాలయాలలో సుమారు యాభై ఏళ్ళుగా ఈ విచారణ ఒక పాఠ్యాంశంగా సాగుతున్నది. మన హైదరాబాదులోని నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయంలో కూడా జంతువులకు సంబంధించిన న్యాయాన్ని అధ్యయనం చేసే కేంద్రం ఒకటి ఉన్నది.

ఈ మాట చెప్పినప్పుడల్లా భక్తులు నన్ను ఒక ప్రశ్న అడుగుతారు. "అయ్యా, సాలీడూ పామూ ఏనుగూ శివసాయుజ్యం పొందిన శ్రీకాళహస్తి మనది. మొసలి నోట చిక్కిన గజేంద్రుని మొర విని స్వామి పరుగున వచ్చిన కథను పోతనగారి భాగవతంలో చదువుకొని పెరిగినవాళ్ళం. వాకిట వరిపిండి ముగ్గు వేస్తే అది చీమలకు ఆహారమని మా అవ్వలు చెప్పారు. అటువంటి మనకు పరదేశపు పండితులు కొత్తగా నేర్పేది ఏముంటుంది?" అంటారు.

ఇది న్యాయమైన ప్రశ్న. ప్రాణిని గౌరవించడం మనకు తెలిసిన విద్యే. అయితే మనం చూపే గౌరవం ఆ ప్రాణికి ఏ రూపంలో చేరుతున్నదో దాని పక్షాన నిలిచి చూడటం మరొక విద్య. ఆ చూపును శాస్త్రంగా అభ్యసించినవారి వద్ద మనం గ్రహించదగినది ఉన్నది. వారు మన వద్ద గ్రహించదగినదీ ఉన్నది. ఈ రెండింటినీ మీ ముందు ఉంచడమే నా ప్రయత్నం.

పాశ్చాత్యులు నడిచిన దారి

పదిహేడవ శతాబ్దపు ఫ్రెంచి తత్త్వవేత్త డెకార్ట్ జంతువును ఆత్మ లేని యంత్రంతో పోల్చాడు. గడియారంలో ముల్లు ఎలా కదులుతుందో కుక్క కాలు కూడా అలాగే కదులుతుందన్నది ఆ వాదం సారాంశం. తరువాతి శతాబ్దంలో జర్మను తత్త్వవేత్త కాంట్ అంత దూరం పోలేదు. జంతువును హింసించడం తప్పే అన్నాడు. అయితే దానికి ఆయన చెప్పిన కారణం గమనించదగినది. పశువు పట్ల కఠినుడైనవాడు క్రమంగా మనుషుల పట్ల కూడా కఠినుడవుతాడు, అందుచేత అది తప్పు. అంటే అక్కడ ధర్మం నిజానికి మనిషికి చెందినదే. పశువు మనిషి తన మంచితనాన్ని అభ్యసించే స్థలం మాత్రమే. ఈ మాటను మనసులో ఉంచుకోండి. కొంతసేపటికి దీనితో మనకు పని పడుతుంది.

ఇంగ్లండుకు చెందిన జెరెమీ బెంథామ్ 1789లో ప్రచురించిన గ్రంథంలో ఒక పాదసూచికలో ఈ విచారణను మరో మలుపు తిప్పాడు. బుద్ధిబలాన్ని బట్టీ, వాక్కును బట్టీ ప్రాణులకు హద్దు గీయడం సరికాదనీ, బాధను అనుభవించే శక్తి ఉన్నదా లేదా అన్నదే చూడవలసినదనీ ఆయన అభిప్రాయం. ఆ పాదసూచికలోని ఆలోచన సుమారు రెండు వందల ఏళ్ళ తరువాత శాస్త్రంగా పెరిగినది. 1970లో రిచర్డ్ రైడర్ అనే మనస్తత్త్వవేత్త ఆక్స్‌ఫర్డ్‌లో ఒక కొత్త మాటను వాడుకలోకి తెచ్చాడు. తెలుగులో దానిని జీవజాతి పక్షపాతం అనవచ్చు. కులాన్ని బట్టీ రంగును బట్టీ పక్షపాతం ఎలా తప్పో, కేవలం వేరే జాతి జీవి అయినందున దాని బాధను లెక్కలోకి తీసుకోకపోవడమూ అలాగే తప్పని ఆ మాటకు భావం. ఆస్ట్రేలియా దేశీయుడైన పీటర్ సింగర్ 1975లో ఒక గ్రంథం రచించి ఈ భావానికి తర్కబద్ధమైన రూపం ఇచ్చాడు. ఒకే తీరు నొప్పి మనిషిదైతే బరువు, పశువుదైతే తేలిక అనడానికి వీలులేదనీ, రెండింటినీ ఒకే తక్కెడలో తూచవలసినదనీ ఆయన వాదం.

1983లో టామ్ రీగన్ అనే అమెరికను తత్త్వవేత్త ఆ తక్కెడనే ప్రశ్నించాడు. నొప్పినీ సుఖాన్నీ కూడికలు తీసివేతలుగా చూస్తే పదిమంది లాభం కోసం ఒకరిని బలిపెట్టినా లెక్క సరిపోవచ్చు. అందుచేత లెక్కకు మించిన ఆధారం కావాలన్నాడు. తన బ్రతుకు తనకు ముఖ్యమైన ప్రతి ప్రాణికీ విలువ స్వతస్సిద్ధమనీ, దానిని మరొకరి ప్రయోజనానికి పనిముట్టుగా మాత్రమే చూడరాదనీ ఆయన సిద్ధాంతం. ఇక ఆండ్రూ లిన్జీ అనే క్రైస్తవ వేదాంతి 2006లో ఆక్స్‌ఫర్డ్‌లో ఈ అధ్యయనానికే ఒక కేంద్రాన్ని స్థాపించారు. సృష్టించినవాడికి తన సృష్టి మీద హక్కు ఉన్నది గనుక ప్రాణికి అపకారం చేయడం ఆయన పట్ల అపరాధమే అవుతుందన్నది ఆయన ఆలోచన. సర్వభూతాలలోనూ భగవంతుడే ఉన్నాడని నమ్మే మనకు ఈ ఆలోచన పరాయిది కాదు.

కొట్టంలోకి వచ్చిన శాస్త్రం

ఈ వాదాలన్నీ పండితుల గదులలోనే ఉండిపోలేదు. 1964లో ఇంగ్లండులో రూత్ హారిసన్ అనే మహిళ ఒక పుస్తకం రాశారు. రెక్క చాచడానికి చోటులేని బోనులలో కోళ్ళనూ, ఇటు అటు తిరగడానికి వీలులేని పెట్టెలలో దూడలనూ పెంచే పద్ధతిని ఆమె లోకానికి చూపారు. ప్రజలలో కలవరం పుట్టి, ప్రభుత్వం ఒక సంఘాన్ని నియమించినది. 1965లో ఆ సంఘం ఇచ్చిన నివేదికలోని మాట చాలా చిన్నది. పశువుకు లేవడానికి, పడుకోవడానికి, వెనుదిరగడానికి, ఒళ్ళు శుభ్రం చేసుకోవడానికి, కాళ్ళు చాచుకోవడానికి వీలుండాలి. అంతే.

1979 నాటికి ఇది అయిదు స్వేచ్ఛలుగా రూపుదిద్దుకున్నది. మొదటిది ఆకలిదప్పుల నుండి విముక్తి. రెండవది ఎండ, వాన, చలి, బురద వంటి అసౌకర్యం నుండి విముక్తి. మూడవది నొప్పి, గాయం, రోగం నుండి విముక్తి. నాల్గవది తన జాతికి సహజమైన రీతిలో మెలగే స్వేచ్ఛ. అయిదవది భయం, ఆందోళన నుండి విముక్తి. నాల్గవదానిని ఒక్కసారి ఆలోచించండి. ఆవుకు సహజం ఏమిటి? నడుస్తూ మేయడం, తీరికగా పడుకొని నెమరువేయడం, తోటి ఆవులతో కలిసి మెలగడం, దూడను నాకడం. మేత నిండుగా వేసి పొట్టి పలుపుతాడుతో రాత్రింబవళ్ళు ఒకేచోట కట్టివేస్తే మొదటి స్వేచ్ఛ దక్కినట్టే, నాల్గవది పోయినట్టే.

జంతువుకు నిజంగా తెలివిడి ఉన్నదా అనే సందేహం డెకార్ట్ నాటి నుండి వస్తున్నదే. 2012 జులైలో కేంబ్రిడ్జిలో సమావేశమైన నాడీశాస్త్రజ్ఞులు ఒక ప్రకటన చేశారు. చైతన్యానికి ఆధారమైన నాడీవ్యవస్థ మనిషికి మాత్రమే పరిమితం కాదనీ, క్షీరదాలు, పక్షులు, ఆక్టోపస్ వంటి మరికొన్ని ప్రాణులలో కూడా అది ఉన్నదనీ వారు స్పష్టం చేశారు. దూడను వేరుచేసినప్పుడు రాత్రంతా అంబా అంటూ అరిచే ఆవును చూసిన మన ఇంటి ఆడవాళ్ళకు ఇది కొత్త సంగతి కాదు. అయినా చూసి తెలుసుకున్నదానికి శాస్త్రం తోడు రావడం మంచిదే.

మన నేల చెప్పిన మాట

ఇప్పుడు మన వైపు చూద్దాము. కర్నూలు జిల్లాలో, గుత్తి నుండి పత్తికొండ వెళ్ళే దారిలో ఎర్రగుడి ఉన్నది. అక్కడి బండల మీద అశోకుని శాసనాలు ఉన్నాయి. క్రీస్తుకు పూర్వం మూడవ శతాబ్దపు అక్షరాలవి. మనుషులకూ పశువులకూ చికిత్స ఏర్పాటు చేసినట్టు, మందుమొక్కలు నాటించినట్టు, బాటల పక్కన మనుషులూ పశువులూ వాడుకొనేలా బావులు తవ్వించి చెట్లు పెంచినట్టు ఆ శాసనాలలో ఉన్నది. నన్ను మరింత ఆకర్షించేది వాటిలో మొదటి శాసనం. పూర్వం రాజుగారి వంటశాలలో ప్రతిదినం లక్షలాది ప్రాణులు హతమయ్యేవనీ, శాసనం రాయించే నాటికి అవి రెండు నెమళ్ళకూ ఒక జింకకూ తగ్గాయనీ, ఇకముందు ఆ మూడూ కూడా ఉండవనీ అందులో చెప్పాడు. తన ఇంటి వంటగది లెక్కను చక్రవర్తి రాతి మీద చెక్కించాడు. ఉపదేశానికి ముందు లెక్క చెప్పడం అనే ఈ పద్ధతి మన నేల మీద రెండువేల ఏళ్ళకు పైగా నిలిచి ఉన్నది.

మహాభారతం శాంతిపర్వంలో జాజలి అనే తపస్వి కథ ఉన్నది. కదలకుండా తపస్సు చేస్తున్న ఆయన జటలలో పక్షులు గూడు కట్టి, గుడ్లు పెట్టి, పిల్లలను చేశాయి. ఆ పిల్లలు ఎగిరిపోయేదాకా జాజలి కదలలేదు. ఎంత కరుణ! కాని ఆ తరువాత ఆయన ధర్మాన్ని సాధించానని భుజం చరచుకున్నాడు. అప్పుడు ఆకాశవాణి, వారణాసిలో తులాధారుడనే వర్తకునికి నీవు సాటిరావని చెప్పినది. జాజలి ఆయన వద్దకు వెళ్ళాడు. తక్కెడ పట్టుకొని సరుకులు అమ్ముకొనే ఆ వర్తకుడు ధర్మాన్ని ఎలా బోధించాడో చూడండి. ఎద్దుల వృషణాలు నొక్కేవారిని, ముక్కులు కుట్టేవారిని, మోయలేని బరువులు మోయించేవారిని, కట్టివేసి కొట్టేవారిని ఆయన నిలదీశాడు. ఊరంతా మామూలు అనుకొనే పనినే ఆయన పశువు పక్షం నుండి చూశాడు.

పక్షులకు ఆశ్రయమిచ్చిన తపస్వి కంటే అంగడిలో కూర్చున్న వర్తకుడు ఎందుకు అధికుడయ్యాడు? నాకు తోచినంతవరకు, జాజలి చూపు చివరకు తన పుణ్యం మీద నిలిచినది. తులాధారుని చూపు ఎద్దు మెడ మీద నిలిచినది. కాంట్ చెప్పిన మాటను మనసులో ఉంచుకోమన్నది ఇందుకే. ప్రాణి మన మంచితనానికి అభ్యాసస్థలం అనుకొనే పొరపాటు పాశ్చాత్యులకే పరిమితం కాదు. మనలో అది పుణ్యం అనే పేరుతో వస్తుంది.

దీనికి విరుగుడు కూడా మన శాస్త్రాలలోనే ఉన్నది. గృహస్థుడు నిత్యం చేయవలసిన పంచమహాయజ్ఞాలలో భూతయజ్ఞం ఒకటి. దేవతలకు, ఋషులకు, పితృదేవతలకు, తోటి మనుషులకు చెల్లించవలసినది ఉన్నట్టే సకల భూతాలకూ చెల్లించవలసినది ఉన్నదని దాని భావం. ఇష్టమైతే చేసేది, మానితే మానేది అయితే అది యజ్ఞాలలో చేరేది కాదు. అందుకే పెద్దలు దానిని భూతఋణం అన్నారు. అప్పు తీర్చినవాడు దాతనని చెప్పుకోడు. పాశ్చాత్య శాస్త్రం దయ, హక్కు అనే రెండు మాటల మధ్య ఎంతో వాదించినది. ఆ రెండింటి మధ్య ఋణం అనే మూడవ మాటను మనం వారికి అందించగలము. అయితే ముందు మన ఇంట దానిని ఆచరించి చూపాలి.

మన చేతుల మీదుగా

ఏ ఒక్క క్షేత్రాన్నీ ఉద్దేశించకుండా, మనమందరం చేసే పనులను మూడింటిని ఈ చూపుతో చూద్దాము.

మొదటిది గోగ్రాసం. పర్వదినాలలో గోశాలకు వచ్చే భక్తులు పులిహోర, చక్కెరపొంగలి, లడ్డు, బియ్యం, బెల్లం, అరటిపండ్లు ఆవు నోటికి అందిస్తారు. ప్రేమతోనే అందిస్తారు. కాని ఆవు కడుపు మన కడుపు వంటిది కాదు. దానికి నాలుగు అరలు. మొదటి పెద్ద అరలో కంటికి కనిపించని సూక్ష్మజీవులు గడ్డిని పులియబెట్టి ఆవుకు ఆహారంగా మారుస్తాయి. గడ్డికి అలవాటుపడిన ఆ కడుపులోకి ఒక్కసారిగా అన్నం, పిండి, తీపి ఎక్కువగా చేరితే ఆమ్లం పెరిగిపోతుంది. ఆవు నెమరు మానివేస్తుంది. కడుపు ఉబ్బుతుంది. మితిమీరితే ప్రాణం పోతుంది. ఒక్కొక్కరు ఇచ్చేది గుప్పెడే. వేయిమంది గుప్పెళ్ళు ఒకే ఆవు నోటికి చేరితే ఏమవుతుందో ఆలోచించండి. పచ్చిగడ్డి కట్ట ఇవ్వండి. లేదా గ్రాసానికి రుసుము చెల్లించి, ఎప్పుడు ఎంత వేయాలో గోపాలకునికే విడిచిపెట్టండి. మీ చేత్తో పెట్టిన తృప్తి కొంత తగ్గవచ్చు. ఆవుకు మేలు తగ్గదు.

దీనితోపాటు మరొక మాట. ప్రసాదం తిన్న తరువాత పారవేసిన ప్లాస్టిక్ సంచిలో ఉప్పు, తీపి వాసన మిగులుతుంది. ఊరి ఆవు ఆ సంచితో సహా మింగుతుంది. అది అరగదు, బయటకు రాదు, కడుపులో ముద్దకడుతుంది. ఈ దురవస్థను పుట్టపర్తిలోని ఒక జంతుసంరక్షణ సంస్థ సుప్రీంకోర్టు దాకా తీసుకొని వెళ్ళినది. కొండ దిగేముందు సంచిని చెత్తబుట్టలో వేయడం కూడా గోసేవే.

రెండవది గోదానం. దీనిని గురించి కఠోపనిషత్తు తన ఆరంభంలోనే హెచ్చరించినది. నచికేతుని తండ్రి యజ్ఞంలో గోవులను దానం ఇస్తున్నాడు. అవి మేయడానికి, నీరు తాగడానికి కూడా ఓపిక లేనివి, పాలు ఉడిగినవి. అది చూసి బాలుడైన నచికేతుని మనసు కలత చెందినది. ఆ కథలోని దానం ఇప్పటికీ జరుగుతూనే ఉన్నది. వట్టిపోయిన ఆవునూ, పుట్టిన కోడెదూడనూ ఇంట్లో ఉంచుకోలేక దేవుని పేరు చెప్పి గుడి దగ్గర వదిలి వెళ్ళేవారు ఉన్నారు. తల్లిపాలు మరువని దూడను బండిలో వేసుకొని వచ్చి మొక్కు తీర్చుకొనేవారూ ఉన్నారు. స్వామికి కోడెను సమర్పించడం మన ప్రాంతంలో ఎంతో ప్రాచీనమైన ఆచారం. వేములవాడ రాజన్న సన్నిధిలో కోడెమొక్కు ఎందరికో ప్రాణప్రదం. ఆచారాన్ని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. సమర్పించిన మరునాడు ఆ కోడె గతి ఏమిటని మొక్కుకున్నవారు అడగాలన్నదే నా మనవి.

చిన్న లెక్క చెబుతాను. పెరిగిన పశువుకు రోజుకు సుమారు ఇరవై కిలోల పచ్చిగడ్డి కావాలి. ఎండుగడ్డి, దాణా, నీరు వేరు. ఏడాదికి ఏడు టన్నులు దాటుతుంది. పశువు పదిహేనేళ్ళు బ్రతికితే నూరు టన్నులు దాటుతుంది. దూడను ఒక్క పూటలో ఇచ్చి వెళ్ళవచ్చు. నూరు టన్నుల గడ్డి బాధ్యత మాత్రం గోశాల మీద ఉండిపోతుంది. ఒక కొట్టంలో పట్టవలసినవాటికి రెట్టింపు పశువులు చేరితే బలమైనవి గాడి దగ్గరకు వస్తాయి, బలహీనమైనవి వెనుక నిలబడతాయి. గాలికుంటు వంటి అంటురోగం ఒకదానికి వస్తే మందంతటికీ పాకుతుంది. కాబట్టి దూడను ఇవ్వదలచినవారు ముందు గోశాలలో చోటు ఉన్నదా అని అడగండి. చోటు లేకపోతే ఉన్న పశువులలో ఒకదానిని పోషించే బాధ్యత తీసుకోండి. ఫలం తక్కువవుతుందని ఏ శాస్త్రమూ చెప్పలేదు.

మూడవది ఘాట్ రోడ్డు మీద కోతులకు తిండి. కెనడాకు చెందిన స్యూ డోనాల్డ్‌సన్, విల్ కిమ్లికా 2011లో ప్రచురించిన గ్రంథంలో ప్రాణులను మూడు విధాలుగా చూశారు. మనతో కలిసి జీవించే పెంపుడు ప్రాణులు మన సమాజంలో సభ్యులు. వాటికి పోషణ మన బాధ్యత. అడవి ప్రాణులు తమ నేల మీద తామే ప్రభువులు. వాటి చోటును వాటికి వదలడమే మన ధర్మం. ఈ రెండింటి మధ్య ఊరి అంచున బ్రతికే కోతి, పావురం, ఉడుత వంటివి ఉన్నాయి. వాటిని బాధించరాదు, మన మీద ఆధారపడేలా చేయనూరాదు. కారు ఆపి అరటిపండు విసిరితే కోతి అడవిలోని కాయను మరిచి రోడ్డు మీదకు వస్తుంది. బండ్ల కింద పడుతుంది. సంచి లాక్కోవడం నేర్చుకొని చివరకు కర్రదెబ్బలు తింటుంది. అక్కడ దయ అంటే ఆగకుండా ముందుకు సాగడమే.

ఎద్దు ఎక్కడికి పోయినది?

ఇంతవరకు సులభమైన సంగతులు చెప్పాను. ఇప్పుడు కష్టమైనది చెబుతాను. మా తరగతిలో ఒక రైతు బిడ్డ ఒకనాడు లేచి అడిగాడు. "సార్, మాకు రెండు ఎద్దులు ఉండేవి. ట్రాక్టరు వచ్చినాక వాటికి పని లేదు. అమ్మితే ఎక్కడికి పోతాయో మా నాయనకు తెలుసు. ఉంచుకుంటే గడ్డి లేదు. మీరు చెప్పే ఈ పండితులు మా నాయనకు ఏమి చెబుతారు?"

ఆ ప్రశ్న ఒక్క ఇంటిది కాదు. 2019లో జరిగిన 20వ పశుగణన ప్రకారం దేశంలో ఆవులు, ఎద్దులు కలిసి 19 కోట్లకు పైగా ఉన్నాయి. వాటిలో ఆడవి 14.5 కోట్లు. మగవి 4.7 కోట్లు మాత్రమే. పుట్టుకలో ఆడామగా ఇంచుమించు సమానంగానే ఉంటాయి. మరి తక్కిన మగవి ఏమైనట్టు? ఈ ప్రశ్నకు సమాధానం ఊహించడం కష్టం కాదు. చెప్పుకోవడం కష్టం. పాలు ఇచ్చే ఆవు కావాలంటే అది ఈనాలి. ఈనితే పుట్టే దూడలలో సగం కోడెలు. నాగలి మూలపడిన ఊరిలో కోడెకు పని లేదు. దానికి దక్కవలసిన పాలు కూడా పాలకేంద్రానికి పోతాయి.

ఆ విద్యార్థికి నేను చెప్పిన సమాధానం ఇది. మీ నాయన ఒక్కడినే నిలబెట్టి ప్రశ్నించడం ధర్మం కాదు. ఆ ఆవు పాలు తాగినవారందరూ ఆ కోడెకు ఋణపడినవారే. పట్నంలో పాలపొట్లం కొనేవారు, కాఫీ తాగే నేను, మిఠాయి అంగడి నడిపేవారు అందరమూ అందులో భాగస్వాములం. స్వామి అభిషేకానికి క్షీరం, దీపానికి నెయ్యి, నైవేద్యానికి పెరుగు వాడే దేవాలయం కూడా అందులో భాగస్వామియే. లాభం ఊరందరికీ, భారం రైతుకు ఒక్కడికీ అయితే ఎద్దు సంతకు పోకుండా ఎవరూ ఆపలేరు. ఋణాన్ని పంచుకుంటేనే అది తీరుతుంది. ఎద్దును విడిచిపెట్టని రైతుకు మేత సాయం, పనిచేయలేని పశువులకు నీడ, ఊరుమ్మడి బీడు భూములలో గడ్డి పెంపకం, ఇవే ఆ ఋణం తీర్చే దారులు. దాతల సొమ్ముకు వీటి కంటే మంచి వినియోగం ఏమున్నది?

మనుషులే ఆకలితో ఉంటే పశువుల మాట ఎందుకని కొందరు అడుగుతారు. ఇంగ్లండుకు చెందిన తత్త్వవేత్త మేరీ మిడ్జ్‌లీ దీనికి సమాధానంగా, కరుణ వాడితే అయిపోయే నిల్వసరుకు కాదని వాదించారు. మన అనుభవం కూడా అదే. ఇంటికి వచ్చిన అతిథికి అన్నం పెట్టే ఇల్లాలే గొడ్డుకు కుడితి పోస్తుంది, కాకికి మెతుకులు వేస్తుంది. ఒకరికి పెట్టని ఇల్లు మరొకరికీ పెట్టదు.

చట్టం వచ్చినంత దూరం

ఈ విచారణ మన దేశంలో చట్టంలోకీ వచ్చినది. నాట్యకళాకోవిదురాలు రుక్మిణీదేవి అరండేల్ రాజ్యసభ సభ్యురాలిగా పట్టుదలతో కృషి చేసిన ఫలితంగా 1960లో జంతుహింస నివారణ చట్టం వచ్చినది. 1962లో ఏర్పడిన జంతు సంక్షేమ మండలికి ఆమే తొలి అధ్యక్షురాలు. 1976లో రాజ్యాంగంలో చేరిన ప్రాథమిక విధులలో ప్రాణుల పట్ల కరుణ చూపడం కూడా ఒకటి. 2014 మే నెలలో జల్లికట్టు వ్యాజ్యంలో సుప్రీంకోర్టు, నేను ఇందాక చెప్పిన అయిదు స్వేచ్ఛలను మన చట్టంలోని అంశాలుగానే గుర్తించినది. 2023లో అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ క్రీడకు వీలు కల్పించే రాష్ట్రాల సవరణలను సమర్థించినది. జంతువుకు ప్రాథమిక హక్కు ఉన్నదని చెప్పే పూర్వనిర్ణయం ఏదీ లేదని కూడా చెప్పినది. అంటే హక్కు దగ్గర చట్టం ఇంకా ఆలోచిస్తున్నది. ఋణం దగ్గర మనకు సంశయం ఉండవలసిన పనిలేదు. భూతయజ్ఞం చేయడానికి ఏ న్యాయస్థానం అనుమతీ అక్కరలేదు.

దాతలకు మనవి

చివరగా మీకు ఒక చిన్న నియమం సూచిస్తాను. మీరు ఏ గోశాలకు విరాళం ఇచ్చినా, సంవత్సరానికి ఒక్కసారి పూజ లేని మామూలు రోజున వచ్చి చూడండి. పర్వదినాన ఆవు కొమ్ములకు పసుపు కుంకుమలు ఉంటాయి, మెడలో పూలదండ ఉంటుంది. అలంకారం కింద ఏమున్నదో మామూలు రోజున తెలుస్తుంది. తొట్టిలో నీరు శుభ్రంగా ఉన్నదా? పడుకోవడానికి పొడినేల ఉన్నదా? గిట్టలు పెరిగి వంకరపోయాయా? పక్కటెముకలు లెక్కకు వస్తున్నాయా? ముసలి పశువుకూ గాడి దగ్గర చోటు దొరుకుతున్నదా? పశువైద్యుడు కడపటిసారి ఎప్పుడు వచ్చాడు? నెలకు ఎన్ని పశువులు చేరాయి, ఎన్ని మరణించాయి అని పుస్తకంలో రాస్తున్నారా? ఈ ప్రశ్నలు అడిగినందుకు మంచి గోశాల నొచ్చుకోదు. తన వంటశాల లెక్కను బండ మీద చెక్కించిన రాజు నడిచిన దేశం ఇది.

గోవును దేవతగా చూడగల సంస్కారం మనకు పూర్వులు ఇచ్చిన ఆస్తి. అది ఒక దేహమున్న జీవి అనీ, దానికి ఆకలి, నొప్పి, భయం, బిడ్డ మీద మమకారం ఉన్నాయనీ మరువకుండా చూడగలగడం మనం సంపాదించుకోవలసినది. ఈ రెండు చూపులూ కలిసిన భక్తుని చేతిలో గడ్డి కట్ట సరైన వేళకు, సరైన కొలతలో ఆవుకు చేరుతుంది. స్వామి అనుగ్రహం సకల ప్రాణులకూ కలుగుగాక.

స్వస్తి.